ఏడో నంబరు మంచం

మా బాలింతల వార్డులో మంచాలన్నీ తలవైపు గోడకు ఆనించి వరసగా ఉండేవి. ఏడో నంబరు మంచం ఒక్కటే రెండడుగులు ముందుకు జరిగి, కాస్త వంకరగా నిలబడి ఉండేది. కొత్తగా చేరిన స్టాఫ్ నర్సు మొదటి రోజునే దాన్ని వరసలోకి సర్దబోయింది. "వద్దమ్మా, అక్కడ కురుస్తుంది" అని నేనే ఆపాను. అది మార్చి నెల. బయట ఎండ మండిపోతోంది. ఆ అమ్మాయి పైకి చూసి, "వాన చూసి నాలుగు నెలలైంది కదా సిస్టర్ గారూ, మరి ఈ చెమ్మ ఎక్కడిది?" అని అడిగింది.

నా దగ్గర జవాబు లేదు. పదకొండేళ్ళుగా ఆ వార్డు నా చేతుల మీద నడుస్తోంది. ఆ మంచాన్ని మొదట ఎవరు జరిపారో, ఏ వానకు జరిపారో నాకు గుర్తులేదు. అక్కడ నీరు కారుతుంది, అందుకని మంచం అలా ఉంటుంది. అంతకు మించి ఎప్పుడూ ఆలోచించలేదు. ఆ పిల్ల అడిగిన మాట రోజంతా నన్ను వదల్లేదు. డ్యూటీ దిగాక ఇంటికి వెళ్ళకుండా, నేనే ఆ పూట కొత్తగా ఉద్యోగంలో చేరినట్టు ఆసుపత్రి అంతా తిరిగి చూశాను.

వాన మొదలైతే ఏ బేసిను ఏ మూల పెట్టాలో మా ఎఫ్‌ఎన్‌ఓలకు (వార్డులో సాయంగా పనిచేసే ఆడవాళ్ళకు) కంఠతా వచ్చు. నేల చెమ్మ ఎక్కుతుందని ఫార్మసీలో కింది అర ఖాళీగా వదిలేస్తారు. ఎక్స్‌రే గది తలుపు వానాకాలంలో ఉబ్బి పట్టేస్తుంది కనుక ఆ నెలల్లో దాన్ని ఓరగా తెరిచే ఉంచుతారు. ఫిల్ము తీసేటప్పుడు కూడా. నవజాత శిశువుల గదిలో ఎడమ గోడకున్న స్విచ్‌బోర్డు ముట్టుకుంటే జివ్వుమంటుందని, దాని మీద మేము దెబ్బలకు వేసే ప్లాస్టరే అంటించి, బిడ్డలను వెచ్చగా ఉంచే వార్మర్‌కు పక్క గదిలోంచి వైరు లాగారు. వీటిలో ఏ ఒక్కటీ ఎక్కడా రాసి లేదు. ఒకరు చూసి మరొకరికి చెప్పుకుంటూ వచ్చినవే. కొత్తగా వచ్చిన వాళ్ళకు మేము పని నేర్పేటప్పుడు ఈ లోపాలను కూడా పనిలో భాగంగానే నేర్పుతున్నామని ఆ సాయంత్రం నాకు తెలిసివచ్చింది. చాలా బాధ కలిగింది.

మాది కోనసీమలో కాలువ గట్టు పక్కన ఉన్న 30 పడకల ప్రభుత్వ ఆసుపత్రి. పాత భవనం 1980లలో కట్టినది. 1996 నవంబరు 6 రాత్రి తుపాను కోనసీమను తుడిచిపెట్టినప్పుడు చుట్టుపక్కల తాటాకిళ్ళ వాళ్ళు, పెంకుటిళ్ళ వాళ్ళు పిల్లలను చంకనేసుకుని ఈ శ్లాబు కిందికే చేరారని ఊళ్ళో పెద్దవాళ్ళు ఇప్పటికీ చెబుతారు. ఆ కృతజ్ఞత వాళ్ళ మాటల్లో వింటాను. అందుకే ఈ భవనాన్ని 'పాడుబడ్డ కొంప' అని ఎవరైనా తీసిపారేస్తే నాకు కష్టంగా ఉంటుంది. అది తనంతట తాను పాడుకాలేదు.

మర్నాడు ఉదయం డాబా ఎక్కుదామనుకున్నాను. మెట్ల తలుపుకు తాళం ఉంది. తాళంచెవి ఎవరి దగ్గరుందో ఒక్కరికీ తెలియదు. కార్యాలయంలో లేదు, వాచ్‌మన్ దగ్గర లేదు. సూపరింటెండెంట్ గారిని అడిగితే, తాను వచ్చి మూడేళ్ళయినా ఇంతవరకు పైకి వెళ్ళే అవసరం రాలేదన్నారు. ఆయన అనుమతితోనే ఎంఎన్‌ఓ (వార్డులో సాయంగా పనిచేసే మగమనిషి) సుత్తి తెచ్చి తాళం పగలగొట్టాడు.

పైన కనబడినది ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టే ఉంది. పక్కనున్న కొబ్బరి చెట్ల నుంచి రాలిన ఎండు మట్టలు, ఎప్పటివో ప్లాస్టిక్ సంచులు, పిట్టగోడ మూలన నడుమెత్తు పెరిగిన రావి మొక్క. వాననీరు దిగే తూములు ఐదు ఉంటే మూడు పూర్తిగా పూడుకుపోయి ఉన్నాయి. ఇవన్నీ ఊహించినవే. ఊహించనిది నీళ్ళ ట్యాంకు. రెండు ట్యాంకుల్లో ఒకదానికి నీరు నిండగానే ఆపే ఫ్లోటు బంతి విరిగి లోపల తేలుతోంది. పొద్దునా సాయంత్రమూ మోటారు వేసిన ప్రతిసారీ ట్యాంకు నిండి, పొర్లు గొట్టంలోంచి నీరు నేరుగా శ్లాబు మీద పడుతోంది. ఎండాకాలంలోనూ అక్కడ నాచు పచ్చగా ఉంది. నాచు మధ్య ఒక పగులు. అడుగులు వేసి లెక్క చూసుకున్నాను. సరిగ్గా దాని కిందే ఏడో నంబరు మంచం.

ఇన్నేళ్ళూ మేము వానను తిట్టాం. కారుతున్నది వాన కాదు. మోటారు వేసి మా నెత్తిన మేమే పోసుకుంటున్న నీరు అది. పైగా బోరు నీరు. నాలుకకు తగిలితే ఉప్పన. ఈ ప్రాంతంలో బోరు కాస్త లోతుకు దించితే ఉప్పు తగలడం మాకు కొత్త కాదు. ఆ ఉప్పు శ్లాబులోని ఇనుముకు ఏం చేస్తుందో నాకు తరువాత తెలిసింది.

ఫ్లోటు బంతి మార్చడానికి ప్లంబరు కూలితో కలిపి వెయ్యి రూపాయలు కూడా కాలేదు. వారం తిరిగేసరికి చెమ్మ తగ్గింది. ఇంతేనా అని నేను సంతోషిస్తూ ఉండగానే, మరో నాలుగు రోజులకు, రాత్రి రెండు గంటల వేళ, ఏడో మంచం వెనక పళ్ళెమంత పెచ్చు ఊడి పడింది. పడినది మంచానికీ గోడకూ మధ్యనున్న ఖాళీలో. మంచం మీద తల్లి, పక్కన రెండు రోజుల బిడ్డ. మంచం వరసలో ఉండి ఉంటే ఏమయ్యేదో నేను ఇక్కడ రాయలేను. ఆ తల్లి లేచి ఏడవలేదు, అరవలేదు. బిడ్డను గుండెకు అదుముకుని పైకే చూస్తూ కూర్చుంది. నేను తెల్లారేదాకా ఆమె పక్కనే ఉన్నాను.

అప్పటిదాకా ఎవరూ ఫిర్యాదు చేయలేదా అంటే, చేశారు. కార్యాలయంలో పాత దస్త్రం తీయిస్తే పద్నాలుగు లేఖలు దొరికాయి. నాకు ముందు పనిచేసిన వాళ్ళు రాసినవి, నేను రాసినవి రెండు. అన్నిటిలోనూ ఒకటే వాక్యం: 'భవనం శిథిలావస్థలో ఉన్నందున తగు మరమ్మతులు చేయించవలసిందిగా ప్రార్థన.' ఆసుపత్రి భవనాల పనులు చూసే ఇంజనీరింగ్ విభాగం నుంచి ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) గారు వచ్చినప్పుడు ఆ దస్త్రం ఆయన ముందు పెట్టాను. నా గొంతులో కోపం ఉండి ఉంటుంది. ఆయన ఓపికగా అన్నీ చదివి, "సిస్టర్ గారూ, మీ దగ్గరికి రోగి వచ్చి 'ఒంట్లో బాగాలేదు' అని ఊరుకుంటే మీరు మందు ఇవ్వగలరా? ఎక్కడ నొప్పి, ఎప్పటి నుంచి, ఎంత జ్వరం అని అడుగుతారు కదండీ. ఈ పద్నాలుగు లేఖల్లోనూ నొప్పి ఎక్కడో లేదు" అన్నారు.

ఆ మాట నాకు సూటిగా తగిలింది. కేసు షీటు రాయడం మాకు చేతనైన పనే. భవనానికి మాత్రం ఎందుకు రాయలేదు?

ఆ వారమే ఒక గీతల రిజిస్టరు కొన్నాను. గడులు నేనే గీసుకున్నాను: ఎక్కడ, ఏమిటి, ఎప్పటి నుంచి, ఎవరు చూశారు, ఎవరికి చెప్పాం. వీటితో పాటు ఇంకొకటి పెట్టాను: 'ఇప్పటిదాకా ఎలా నెట్టుకొస్తున్నాం'. ఈ ఆఖరి గడి నింపడమే అందరికీ కష్టమైంది, ఎందుకంటే మేము నెట్టుకొస్తున్నామన్న సంగతే మాకు తెలియదు. ల్యాబ్ టెక్నీషియన్ "మా గదిలో ఏ లోపమూ లేదండీ" అన్నాడు. ఫ్రిజ్‌ను కిటికీ పక్కన ఎందుకు పెట్టావని అడిగితే, అసలు ప్లగ్గు పనిచేయక ఆరేళ్ళయిందన్నాడు. అలా ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి అడిగితే మొత్తం 63 అంశాలు తేలాయి.

ఈ జాబితా పట్టుకుని ఏం చేయాలో తోచని సమయంలో మా చెల్లెలి కూతురు ఫోను చేసింది. తను ఇంగ్లండులో నర్సుగా పనిచేస్తోంది. "పెద్దమ్మా, ఇక్కడ ఏ ఆసుపత్రికి ఎంత మరమ్మతు బాకీ పడిందో ఏటా లెక్క కట్టి బయటపెడతారు" అని చెప్పింది. చేయవలసిన రోజుకు చేయకుండా మిగిలిపోయిన పనులన్నిటికీ ఖర్చు లెక్కవేసి, ప్రమాదాన్ని బట్టి నాలుగు తరగతులు చేస్తారట: అత్యధికం, గణనీయం, మధ్యస్థం, స్వల్పం. 2023-24లో ఇంగ్లండు మొత్తం మీద ఆ బాకీ 1,380 కోట్ల పౌండ్లు. ధనిక దేశంలోనూ ఇంత పేరుకుపోయిందా అని నేను ఆశ్చర్యపోతే, కింగ్స్ లిన్ అనే ఊళ్ళోని ఆసుపత్రిలో గాలి బుడగల కాంక్రీటుతో వేసిన పైకప్పు బలహీనపడి, వేల సంఖ్యలో ఊతకర్రలు నిలబెట్టి ఆపారని చెప్పింది. లెక్క రాసినంత మాత్రాన పని అయిపోదు కానీ, లెక్క లేకపోతే దేనికి ముందు డబ్బు పెట్టాలో ఎవరికీ తెలియదు అని తన అభిప్రాయం. నాకు సబబుగా తోచింది. 'బాకీ' అన్న మాట మరీ నచ్చింది. వాయిదా వేసిన మరమ్మతు ఎక్కడికీ పోదు, వడ్డీతో సహా మన పేరనే ఉంటుంది.

సూపరింటెండెంట్ గారూ, నేనూ, ఏఈ గారూ ఒక మధ్యాహ్నం కూర్చుని 63 అంశాలనూ నాలుగు తరగతులుగా విడదీశాం. నా లెక్కలో అన్నిటికన్నా పైన ఏడో మంచం మీది శ్లాబు. ఏఈ గారు తల అడ్డంగా ఊపి, నవజాత శిశువుల గది స్విచ్‌బోర్డు మీద వేలు పెట్టారు. చెమ్మ గోడ, పాత వైరింగు, ఎక్స్‌టెన్షన్ వైరు మీద నడిచే వార్మర్, పక్కనే ఆక్సిజన్. 2021 జనవరి 9 తెల్లవారుజామున మహారాష్ట్రలోని భండారా జిల్లా ఆసుపత్రిలో నవజాత శిశువుల విభాగం అంటుకుని 10 మంది పసికందులు చనిపోయిన వార్త నేనూ చదివాను, ఏడ్చాను. అదే మంటకు కావలసినవన్నీ మా గదిలో ఉన్నాయని మాత్రం గ్రహించలేదు. శ్లాబు కింద మంచం ఖాళీ చేస్తే తాత్కాలికంగానైనా ప్రమాదం తప్పుతుంది. నిప్పు రాత్రి ఎవరూ చూడనప్పుడు పుడుతుంది. ఆ గది వైరింగు, ఎర్తింగు పని ఆ పది రోజుల్లోనే ఆసుపత్రి నిధితో చేయించాం. రెండోది ఎక్స్‌రే గది తలుపు. ఎక్స్‌రే కిరణాల భద్రత చూసే అణుశక్తి నియంత్రణ మండలి నిబంధనల ప్రకారం ఆ తలుపు మూసుకోవలసిందే. బయట బెంచీ మీద కూర్చునే గర్భిణుల కోసమైనా మూసుకోవాలి. దానికి వడ్రంగి ఒక్క పూట పనిచేస్తే సరిపోయింది. శ్లాబు మూడో స్థానానికి వచ్చింది.

ఒంటికి తగిలే దెబ్బ పెద్దదిగా కనిపిస్తుంది. అందుకే వరస నిర్ణయించే పని భయపడిన మనిషి ఒక్కరే చేయకూడదని నా అనుభవం.

డబ్బు సంగతి. జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ 2005లో మొదలైనప్పుడు, మా వంటి సామాజిక ఆరోగ్య కేంద్రానికి భవనం నిర్వహణకు ఏడాదికి లక్ష రూపాయలు, ప్రత్యేకంగా దేనికని చెప్పకుండా మరో 50,000 అని లెక్క పెట్టారు. తరువాత వీటిని కలిపి ఇస్తున్నారు. కుళాయిలు, ట్యూబులైట్లు, సెప్టిక్ ట్యాంకు, మోటారు రిపేరు పోగా శ్లాబు జోలికి వెళ్ళే డబ్బు అందులో మిగలదు. ఆరోగ్యశ్రీ (ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ) కింద చేసిన ఆపరేషన్లకు వచ్చే మొత్తంలో కొంత ఆసుపత్రి అభివృద్ధి సంఘం ఖాతాలో ఉంటుంది. దాన్ని తీయాలంటే సంఘం తీర్మానం కావాలి. పెద్ద పనికి అంచనాలు పైకి వెళ్ళి, పరిపాలనా మంజూరు, సాంకేతిక మంజూరు, టెండరు, ఇవన్నీ వరసగా జరగాలి.

సంఘం సమావేశానికి నన్ను కూడా పిలిచారు. ఒక సభ్యుడు ఓపీ హాలుకు టైల్స్ వేయిద్దామన్నారు. మరొకరు, ఈ పాత భవనం మీద డబ్బు దండగ, కూల్చి కొత్తది కట్టమని ప్రభుత్వాన్ని అడుగుదామన్నారు. తలలు ఊగాయి. కొత్త భవనమంటే శిలాఫలకం ఉంటుంది, ప్రారంభోత్సవం ఉంటుంది. తూము బాగుచేసినందుకు ఎవరూ రిబ్బను కత్తిరించరు. నాకు ఏం చెప్పాలో తోచక రిజిస్టరు తెరిచి 'ఎలా నెట్టుకొస్తున్నాం' గడి మాత్రం పైనుంచి కింది దాకా చదివాను. పది అంశాలు చదివేసరికి గది నిశ్శబ్దమైంది. అప్పుడు మా సంఘంలోని ఒక పెద్దాయన, వరి రైతు, లేచి, "కొత్త కాలువ తవ్వేదాకా పాత కాలువకు పడ్డ గండి పూడ్చకుండా కూర్చుంటామా అండీ? ఏటా కాలువలకు నీళ్ళు కట్టేసినప్పుడు గట్లు కట్టుకుంటున్నాం కాబట్టే కదా 1852లో వేసిన ఆనకట్ట నీళ్ళు ఈనాటికీ మన పొలాలకు ఎక్కుతున్నాయి" అన్నారు. ఆ తరువాత వాదన జరగలేదు. తీర్మానం మీద అందరూ సంతకాలు చేశారు. (ధవళేశ్వరం దగ్గర కాటన్ కట్టించిన ఆనకట్ట స్థానంలో ఇప్పుడున్నది తరువాత కట్టిన బ్యారేజీ. అయినా ఆయన చెప్పిన మాటలో తప్పులేదు.)

సంఘం ఇచ్చిన మొత్తం డాబా పైభాగానికి సరిపోయింది. శ్లాబు కింది భాగానికి అంచనాలు పైకి పంపి, మంజూరు వచ్చేసరికి తొమ్మిది నెలలు పట్టింది. ఆ తొమ్మిది నెలలూ వార్డులో ఆ భాగం కింద మంచాలు తీసేసి తాడు కట్టాం. నెలకొకసారి రిజిస్టరు పేజీ ఫొటో తీసి లేఖకు జతచేసి పంపాను. పాత వాక్యం ఒక్కసారి కూడా రాయలేదు.

పని మొదలయ్యే ముందు ఏఈ గారు, తాపీ మేస్త్రీ కలిసి నిచ్చెన వేసుకుని శ్లాబంతా చిన్న సుత్తితో తట్టారు. గట్టిగా ఉన్నచోట టంగుమని మోగింది. లోపల వదులైనచోట కుండ తట్టినట్టు బోలుగా వినిపించింది. అలా వినిపించినచోటల్లా సుద్దముక్కతో గీత గీశారు. నాకు స్టెతస్కోపు పెట్టి ఊపిరితిత్తులు వింటున్నట్టే అనిపించింది. కంటికి కనిపించిన పెచ్చు ఒకటే. సుద్ద గీతలు పూర్తయ్యేసరికి వార్డు పైకప్పులో దాదాపు మూడో వంతు గీతల లోపల ఉంది.

కాంక్రీటు కొత్తలో క్షారగుణంతో ఉండి లోపలి ఇనుమును కాపాడుతుందట. ఏళ్ళ తరబడి గాలిలోని బొగ్గుపులుసు వాయువు సోకి ఆ గుణం తగ్గుతుంది. ఉప్పు దిగితే ఇంకా త్వరగా ఇనుము తుప్పు పడుతుంది. తుప్పు పట్టిన ఇనుము అసలు ఇనుము కన్నా రెండు నుంచి ఆరు రెట్ల చోటు ఆక్రమిస్తుంది. ఆ ఒత్తిడికే పెచ్చులు ఊడతాయి. అంటే పెచ్చు ఊడటం జబ్బు కాదు, లోపలి జబ్బుకు లక్షణం. దాని మీద సిమెంటు మెత్తి సున్నం వేస్తే జ్వరానికి తడిగుడ్డ వేసి ఊరుకున్నట్టే. కాంక్రీటు పనులకు మన దేశంలో పాటించే, 2000లో సవరించిన ఐఎస్ 456 ప్రమాణం ప్రకారం తీరప్రాంతపు గాలిలో ఇనుము మీద 45 మిల్లీమీటర్ల కాంక్రీటు ఉండాలి. మా శ్లాబు అంతకు ముందు నాటిది. మేస్త్రీ పెచ్చు తీసి కొలిస్తే కొన్నిచోట్ల 12 మిల్లీమీటర్లు కూడా లేదు. పది మిల్లీమీటర్ల చువ్వలు ఉప్పునీరు పడినచోట పెన్సిలు కన్నా సన్నబడి, వేలితో గీస్తే పొరలు పొరలుగా రాలాయి.

ఎప్పుడు పని చేయాలన్నది మా డెల్టాలో చిన్న ప్రశ్న కాదు. జూన్ నుంచి వానలు, జూలై, ఆగస్టుల్లో గోదావరి వరదలు, అక్టోబరు, నవంబరుల్లో తుపానులు. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 17.75 అడుగులు దాటి మూడో ప్రమాద హెచ్చరిక ఎగిరితే లంక గ్రామాల గర్భిణులను ముందుగానే మా దగ్గరికి తరలిస్తారు. 2022 జూలైలో నడవలో కూడా మంచాలు వేశాం. ఆ రోజుల్లో వార్డు ఖాళీ చేయడం కుదరదు. మిగిలింది వేసవి. వేసవిలో కాలువలు కట్టేస్తారు, ఉన్నది బోరు నీరు, అది ఉప్పన. ఇనుము ఉన్న కాంక్రీటులో కలిపే నీటిలో క్లోరైడు లీటరుకు 500 మిల్లీగ్రాములు మించకూడదని అదే ఐఎస్ 456 చెబుతుంది. కాంట్రాక్టరు మనుషులు మొదటి రోజే బోరు గొట్టం లాగి గమేళాలో సిమెంటు కలపబోతే నేను అడ్డుపడ్డాను. "అమ్మా, అందరూ ఇదే నీళ్ళతో ఇళ్ళు కట్టుకుంటున్నారు" అన్నాడు మేస్త్రీ. "ఈ నీళ్ళే ఈ శ్లాబును తిన్నాయి బాబూ" అన్నాను. ఏఈ గారు నా పక్షాన నిలిచారు. కాలువలు కట్టేయడానికి ముందే నింపుకునే మంచినీళ్ళ చెరువు నుంచి పంచాయతీ వారు రోజూ ఒక ట్యాంకరు ఇవ్వడానికి ఒప్పుకున్నారు. ఎండాకాలం తాగునీటి విలువ తెలిసిన ఊరు అది. వాళ్ళు ఆ నీళ్ళు ఇచ్చారంటే ఆసుపత్రిని ఎంత తమదనుకున్నారో నాకు అర్థమైంది.

అన్నిటికన్నా కష్టమైనది బాలింతలను ఎక్కడ ఉంచడమన్నది. ఓపీ హాలులో సగం తెరలు కట్టి పది మంచాలు వేశాం. సిజేరియన్లు మూడు వారాల పాటు ప్రాంతీయ ఆసుపత్రికి పంపాలని సూపరింటెండెంట్ గారు నిర్ణయించారు. నేను ఒప్పుకున్నాను, కానీ ఆ మూడు వారాలూ నాకు నిద్ర పట్టలేదు. ఒక పెద్దావిడ కూతురిని తీసుకుని వచ్చి, ఆటోకు మళ్ళీ ఎక్కడి నుంచి తేవాలని నా మీద కేకలేసింది. ఆవిడ కోపం న్యాయమైనదే. మేము సకాలంలో చేయని పనికి మూల్యం ఆవిడ చెల్లిస్తోంది. మా సిబ్బంది తలా కొంత వేసుకుని అలాంటి వాళ్ళకు ఆటో కిరాయి ఇచ్చాం. అది పరిష్కారం కాదని తెలుసు.

దుమ్ము సంగతి నేను పట్టుబట్టి చూసుకున్నాను. పాత చెమ్మ కాంక్రీటు పగలగొడితే ఆస్పర్‌జిల్లస్ అనే బూజు విత్తులు గాలిలోకి లేస్తాయి. ఆరోగ్యవంతులకు ఏమీ కాకపోవచ్చు, నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకు, రోగనిరోధక శక్తి తగ్గిన మనిషికి అవి ప్రాణాంతకం కావచ్చు. వార్డు తలుపులకు పై నుంచి కింది దాకా మందపాటి ప్లాస్టిక్ పట్టాలు కట్టి అంచులు టేపుతో అంటించాం. గడపలో తడి గోనెలు పరిచాం. శిథిలాలు వార్డు వెనక కిటికీలోంచి నేరుగా బయటికి దించారు, నడవలోంచి ఒక్క గమేళా కూడా మోయనివ్వలేదు. ఆపరేషన్ థియేటర్‌ను మళ్ళీ తెరిచే ముందు మూడు సార్లు స్వాబులు తీసి ల్యాబుకు పంపాం. రెండోసారి ఫలితం బాగా రాలేదు. మళ్ళీ కడిగించి, మళ్ళీ మందుపొగ వేయించాం.

పని చూడటం నాకు కొత్త విద్య. సుద్ద గీతల మేర కాంక్రీటు తీసి, చువ్వ వెనక వేలు దూరేంత ఖాళీ వచ్చేదాకా చెక్కారు. వైరు బ్రష్షుతో తుప్పు గీకి, మందు పూసి, సన్నబడిన చువ్వల పక్కన కొత్తవి కట్టారు. పాతదీ కొత్తదీ అంటుకునే పూత వేసి, పాలిమర్ కలిపిన మాలును పొరలు పొరలుగా ఎక్కించారు. మేస్త్రీకి యాభై దాటి ఉంటాయి. మొదట నా మాట విసుగ్గా విన్నవాడే, చివరి వారంలో తానే పిలిచి, "ఇటు చూడండమ్మా, ఇక్కడ చువ్వ బాగుంది, వదిలేశాను" అని చూపించేవాడు. డాబా మీద పాత సున్నపు పొర తీసేసి, తూముల వైపు వాలు సరిచేసి, నీరు దిగకుండా పూత వేశాక, అంచుల్లో గట్టు వేసి, వరి మడి కట్టినట్టు నీళ్ళు నిలబెట్టారు. మూడు రోజులు. ఆ మూడు రోజులూ నేను వార్డులోకి వెళ్ళి అరచేయి పైకప్పుకు ఆనించి చూసేదాన్ని, బల్ల వేసుకుని ఎక్కి. పొడిగా ఉంది.

ఒక తప్పు ఒప్పుకోవాలి. కొన్నేళ్ళ క్రితం ప్రభుత్వ ఆసుపత్రుల శుభ్రతకు మార్కులు వేసే 'కాయకల్ప' తనిఖీకి బృందం వస్తోందంటే ఇదే వార్డుకు నేను దగ్గరుండి రంగులు వేయించాను. 2015లో మొదలైన ఆ పథకంలో మార్కులు వేసేటప్పుడు భవనం నిర్వహణ కూడా ముఖ్యమైన అంశమే. చెమ్మ మరకల మీద రెండు పూతలు వేయిస్తే తనిఖీ రోజుకు గోడ మెరిసింది. ఆ వానాకాలానికే రంగు బుడగలు లేచి ఊడిపోయింది. ఆ రంగు డబ్బుతో ఆ రోజు ట్యాంకు చూసి ఉంటే ఇంత ఇనుము పోయేది కాదు. తనిఖీదారులు నన్ను పైకి తీసుకెళ్ళమని అడగలేదు, నిజమే. నేనూ వెళ్ళలేదు.

బిల్లుల ఆలస్యం వల్ల రంగులు వేయకుండానే కాంట్రాక్టరు మనుషులు వెళ్ళిపోయారు. వార్డు ఇంకా సిమెంటు రంగులోనే ఉంది. జూన్ రెండో వారంలో మొదటి పెద్ద వాన అర్ధరాత్రి పడింది. డ్యూటీలో ఉన్న ఎఫ్‌ఎన్‌ఓ అలవాటుగా బేసిన్లు తెచ్చి వరండాలో పేర్చింది. నేను ఫోను చేస్తే, "ఒక్క చుక్క లేదు సిస్టర్ గారూ, బేసిన్లు ఎక్కడ పెట్టమంటారు?" అంది. తెల్లారి వెళ్ళి ఏడో మంచాన్ని నేనూ ఆ కొత్త నర్సూ చెరో వైపు పట్టుకుని గోడకు జరిపాం. నేల మీద దాని కాళ్ళ గుర్తులు వంకరగా అలాగే ఉన్నాయి.

డాబా తలుపుకు కొత్త తాళం వేశాం. తాళంచెవి డ్యూటీ గదిలో మేకుకు ఉంటుంది. ప్రతి నెలా ఒకటో తారీఖున ఎవరు డ్యూటీలో ఉంటే వాళ్ళు పైకి వెళ్ళి, ఐదు తూములూ రెండు ట్యాంకులూ చూసి రిజిస్టరులో సంతకం చేస్తారు. 63 అంశాల్లో 41 పూర్తయ్యాయి. మిగిలిన వాటిలో అత్యధిక ప్రమాదం కింద ఉన్నది ఒక్కటే: ఓపీ వరండా మీది సన్‌షేడు. చువ్వలు బయటపడ్డాయి. దాని కింద నాలుగు సరుగుడు బాదులు ఊతగా నిలబెట్టించాం, జనం నడవకుండా తాడు కట్టాం. ఎండకు ఆ నీడలో నిలబడాలని చీటీల కోసం వచ్చిన వాళ్ళు రోజూ ఆ తాడు కింద నుంచి దూరుతూనే ఉన్నారు. నిన్న రిజిస్టరు పేజీ ఫొటోతో నాలుగో లేఖ పంపాను. ఈ తుపానుల కాలం లోపల ఆ పని కావాలి.